రెండు విధముల ఓర్పు

గృహకృత్యములను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు వ్రాయదగిన యీ పుటలలో ఏబదిరెండేండ్ల గృహిణి యొకతె దూరపు పరుగును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. నేను పేరుగన్న క్రీడాకారిణిని కాను; పతకములు గెలిచినదానను కాను. విశాఖపట్టణమున సముద్రపుటొడ్డు దారిలో వేకువజామున నెమ్మదిగా పరుగెత్తి, ఏడు గంటలకు ఇల్లు చేరి, కుక్కరు పొయ్యిమీద పెట్టుకొను సామాన్యురాలను. అయినను ఈ పరుగు నాకు నేర్పిన సంగతి యొకటి మా యింటిలోని ముగ్గురు స్త్రీల ఆరోగ్యమునకు సంబంధించినది. అందులో నా కుమార్తె విషయమున నేను చేసిన పొరపాటు కూడ నున్నది. దానిని దాచక చెప్పినచో నావంటి తల్లి యొకతె యైనను ముందుగా మేలుకొనునేమో యను ఆశతో వ్రాయుచున్నాను.

మన యిండ్లలో స్త్రీని మెచ్చుకొనునపుడు మొట్టమొదట వచ్చు మాట "ఆవిడకు ఓర్పు ఎక్కువ" అనునది. నడుము నొప్పిని చెప్పుకొనకుండుట ఓర్పు. అందరును తినిన పిదప గిన్నె అడుగున మిగిలినది తినుట ఓర్పు. జ్వరముతోనే నలుగురికి వండి వడ్డించుట ఓర్పు. దూరపు పరుగు, దూరపు ఈత, కొండలెక్కుట మున్నగు క్రీడలకు ఓర్పే మూలధనమని మొదట విన్నపుడు నేను నవ్వుకొంటిని. ఆ పరీక్షలో మనకు నూటికి నూరు మార్కులు రాకపోవునా యనుకొంటిని. ఆ యోర్పు వేరు, ఈ యోర్పు వేరు అని తెలిసికొనుటకు నాకు ఎనిమిదేండ్లు పట్టినది.

నా పుట్టినిల్లు విజయనగరము దాపున నొక పల్లె. 1984వ సంవత్సరమున నాకు పదునొకండేండ్లు. ఆ యేటి ఆగస్టు నెలలో లాస్ ఏంజిలిస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో కేరళకు చెందిన పి.టి. ఉష నాలుగువందల మీటర్ల హర్డిల్స్ పందెమున సెకనులో నూరవవంతు తేడాతో కంచు పతకమును పోగొట్టుకొన్న వార్తను మా నాన్నగారు పత్రికలో చదివి వినిపించిరి. తరువాతి వారము స్వాతంత్ర్యదినోత్సవమునాడు మా పాఠశాలవారు చెరువుగట్టు చుట్టును పరుగుపందెము పెట్టిరి. ఆ గట్టు సుమారొక మైలుండును. మగపిల్లలు పలువురు సగము దారిలో నడకకు దిగిరి. నేను మాత్రము నిలువక పరుగెత్తి అందరిలో మూడవదానిగను, ఆడపిల్లలలో మొదటిదానిగను వచ్చితిని. బహుమానముగా నిచ్చిన స్టీలు గ్లాసు నేటికిని మా వంటయింటిలో నున్నది.

మరుసటి యేడు నేను పెద్దమనిషినైతిని. పదునొకండు దినములు మూల కూర్చుండబెట్టి, చిమ్మిలి తినిపించి, పాటలు పాడి, వేడుక చేసిరి. అదంతయు ముగిసిన తరువాత నాయనమ్మ నన్ను పిలిచి, "ఇంక గెంతులు చాలు. ఈడొచ్చిన పిల్లవి, పరుగులేమిటే?" అనెను. ఆమెకు నాపై ప్రేమ లేక కాదు. ఆమెకు ఆమె నాయనమ్మ చెప్పినదే నాకును చెప్పినది. ఆమె చెప్పకున్నను నేను మానియే యుందును. ఆ దినములలో పాతచీర గుడ్డలతో పరుగెత్తుట యెట్లో నాకు చెప్పగలవారు లేరు. పందెములు పెట్టు మాస్టరుగారిని అడుగు ధైర్యము నాకు లేదు. ఆ సంవత్సరము ఆగస్టు పదునైదవ తేదీన నేను మామిడిచెట్టు క్రింద నిలుచుండి చప్పట్లు కొట్టితిని.

ఇది మా పల్లె సంగతి మాత్రమే యని చాలకాలము తలచితిని. తరువాత చదువగా, పెద్ద పెద్ద దేశములలోను మా నాయనమ్మ మాటనే కోట్లు తొడుగుకొన్న పెద్దమనుష్యులు చెప్పిరని తెలిసినది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మొదటిసారిగా ఎనిమిదివందల మీటర్ల పందెము పెట్టిరి. పరుగెత్తిన తొమ్మిదిమందియు గమ్యము చేరిరి. కాని స్త్రీలు సగము దారిలో కుప్పగూలిరని పత్రికలు వ్రాసెను. ఆ పందెమును ఒలింపిక్ క్రీడలనుండి తొలగించిరి. మరల 1960లో రోము నగరమున గాని దానిని పెట్టలేదు. 1967లో బోస్టను మారథానులో కాథరిన్ స్విట్జర్ తన పేరును పొడి యక్షరములతో వ్రాసి ప్రవేశించి పరుగెత్తుచుండగా, నిర్వాహకుడొకడు దారిలోనికి ఉరికి ఆమె రొమ్ముననున్న అంకెను లాగివేయబోయెను. ఆమె నిలువక పరుగు పూర్తిచేసెను. ఆ పందెమున స్త్రీలకు అధికారికముగా ప్రవేశము దొరకినది 1972లో. నలుబదిరెండు కిలోమీటర్ల మారథాను ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మొదటిసారి పెట్టినది 1984లో; అమెరికా దేశపు జోన్ బెనోయిట్ 2 గంటల 24 నిమిషముల 52 సెకనులలో దానిని గెలిచెను. నేను చెరువుగట్టు చుట్టిన నెలయు అదియే!

నా కిరువదిమూడవ యేట వివాహమైనది. కుమారుడు, వానికి ఐదేండ్ల తరువాత 2003లో కుమార్తె కలిగిరి. రెండవ కాన్పు కష్టమైనది. బాలింతనాడు మంచినీళ్లు ఎక్కువ త్రాగవద్దనిరి, ఆకుకూరలు వద్దనిరి, పిల్లకు పాలు చాలుచున్నవా యని దినమునకు పదిమంది అడిగిరి. నన్ను గూర్చి యడిగినవారు లేరు. ఆ కాన్పు మొదలుకొని దగ్గినను, తుమ్మినను, బిందె యెత్తినను మూత్రము జారెడిది. పిల్లలను కన్నవారికి ఇది సహజమని మా వదినగారు మెల్లగా చెప్పగా నేనును సరిపెట్టుకొంటిని. దగ్గు వచ్చునపుడు తలుపు పట్టుకొని కాళ్లు బిగించి నిలుచుండుట నాకు అలవాటైపోయినది. ఇట్లు పదకొండేండ్లు గడచెను. ఇదియే నేను గర్వించిన యోర్పు.

2014లో రక్తపరీక్ష చేయింపగా, చక్కెర హద్దుమీద నున్నదనియు, నడక మొదలుపెట్టవలెననియు చెప్పిరి. అప్పుడు నాకు నలుబదియొకటి. ఉదయము నాలుగున్నరకు లేచి, కురుసుర జలాంతర్గామి యున్న చోటినుండి తెన్నేటి పార్కు వైపు నడచుట ప్రారంభించితిని. ఆ గాలికి, ఆ యలల హోరుకు చెరువుగట్టు జ్ఞాపకము వచ్చెనేమో, ఒకనాడు కాళ్లు వాటియంతట అవే పరుగందుకొనెను. రెండు దీపస్తంభముల మధ్య పరుగెత్తి, తరువాతి రెండింటి మధ్య నడచితిని. ఇంటికి వచ్చి యెవ్వరికిని చెప్పలేదు.

నడివయస్సు ఇల్లాలికి మొదటి యడ్డంకి కాళ్లు కావు, గడియారము. మా వారు మంచివారే. "నీ యిష్టం. కాని ఎనిమిదింటికి నా క్యారియరు సిద్ధంగా ఉండాలి" అనిరి. ఆ మాటలో తప్పున్నట్లు నాకును ఆనాడు తోచలేదు. రాత్రి పదికే కూరలు తరిగి, పప్పు కడిగి, పెరుగు తోడువేసి పడుకొనెడిదానను. నిద్ర ఐదు గంటలకు మించెడిది కాదు. రెండవ యడ్డంకి చీకటి. ఒంటరిగా పోవుచున్న స్త్రీని జూచి కూతవేయు కుర్రవాండ్రు, వెంటపడు కుక్కలు. వీరిద్దరిలో కుక్కలే నయము, కసరిన పోవును. వీధిలోని మరి ఇద్దరు సోదరీమణులను బ్రతిమాలి వెంటబెట్టుకొనిన తరువాత ఆ భయము తీరినది. మూడవది దుస్తుల సంగతి. రొమ్ములు కదలి నొప్పి పుట్టుచుండెను, ఎవ్వరితో చెప్పుదును? పరుగునకు తగిన లోదుస్తులు అంగళ్లలో దొరకునని సంవత్సరము తరువాత తెలిసినది. వీటిని 1977లో అమెరికా దేశమున ముగ్గురు స్త్రీలు, పురుషులు ఆటలలో లోపల ధరించు గుడ్డలను రెండింటిని కలిపి కుట్టి మొదట తయారుచేసిరట. అంతవరకు కోట్లకొలది స్త్రీలు నావలెనే నోరు మూసికొని యుందురు గదా!

మూడవ నెలలో ఒకనాడు దారిలో కన్నులు చీకట్లు క్రమ్మి, అరుగుమీద కూలబడితిని. వయస్సు మీరిన లేడీ డాక్టరుగారి వద్దకు వెళ్లితిని. నా హిమోగ్లోబిను ఎనిమిది గ్రాములు. పండ్రెండుండవలసినది. ఆమె నా ముఖము చూచి, "రోజూ ఏం తింటున్నారమ్మా?" అని అడిగిరి. "అందరూ తిన్నాక ఉన్నది తింటానండీ" అంటిని. "ఉన్నది తినే మనిషి ఉన్నంతే పరుగెత్తుతుంది" అని నవ్వుచునే చెప్పిరి. ఆ మాట నాకు తగిలినది.

ఇందు నేను ఒంటరిదానను కానని తరువాత తెలిసినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6. నెలనెల పోవు రక్తముతో ఇనుము పోవును. కాన్పులతో మరికొంత పోవును. తినుటలో అది తిరిగి రాదు. ప్రాణవాయువును కండరములకు మోయునది రక్తములోని హిమోగ్లోబినే గనుక, అది తక్కువైనవారికి మైలు దూరము కొండయెక్కినట్లుండును. మనము సోమరితనమనుకొనునది పలుమారు ఇదియే. డాక్టరుగారు ఇనుము మాత్రలు వ్రాసియిచ్చి, అన్నమునకు ముందువెనుకల గంటవరకు టీ త్రాగవద్దనియు, ఆకుకూరలో నిమ్మరసము పిండుకొనుమనియు చెప్పిరి. టీ ఇనుమును ఒంటబట్టనీయదు, నిమ్మకాయ పట్టించును. ఆరు నెలలకు నా లెక్క పదకొండున్నరకు వచ్చెను. అదే దారి, అవే కాళ్లు. కొండ మాత్రము చదునైనది.

ఆమె యెదుటనే ధైర్యము తెచ్చుకొని పదకొండేండ్ల రహస్యమును కూడ చెప్పితిని. ఆమె ఫిజియోథెరపీ చేయు నొక అమ్మాయి వద్దకు పంపిరి. ఆ పిల్ల కటిప్రదేశపు కండరములను బిగబట్టి, పది లెక్కించి, వదలు విధము నేర్పి, దినమునకు మూడు పూటల చేయుమనెను. మూడు నెలలలో నూటికి తొంబది పాళ్లు నయమైనది. పదకొండేండ్లు మోసిన బాధకు మూడు నెలల మందు! ఇంటికి వచ్చి నవ్వితినో, ఏడ్చితినో జ్ఞాపకము లేదు.

2018 నవంబరులో నౌకాదళమువారు మా పట్టణమున జరుపు పరుగులో ఇరువదియొక్క కిలోమీటర్లు పూర్తిచేసితిని. 2 గంటల 52 నిమిషములు పట్టినది. కడపటివారిలో నొకతెను. ఆ తరువాత రెండు నెలలకే ఇంగ్లండునుండి వచ్చిన వార్త యొకటి చదివి నివ్వెరపోతిని. జాస్మిన్ పారిస్ అను పశువైద్యురాలు 2019 జనవరిలో మంచులో, కొండలలో 268 మైళ్లు సాగు పందెమును 83 గంటల 12 నిమిషములలో ముగించి, పురుషులతో సహా అందరిని వెనుకవేసెను. అప్పటికామె కుమార్తెకు పదునాలుగు నెలలు. దారిలోని మజిలీలలో ఆగి, పిల్లకొరకు పాలు పిండి యిచ్చి, మరల పరుగందుకొనెను. చంటిపిల్లల తల్లులు ఇట్టి పందెములకు దిగవలెనని నేను చెప్పుట లేదు. ఆమె తన శరీరమునకు కావలసినది సిగ్గుపడక నలుగురి యెదుట చేసికొనెను. అది నా మనస్సున నాటినది.

నాటినదని వ్రాసితినే గాని, వేరు పట్టలేదు. అందుకు ఋజువు నా కుమార్తె.

అమ్మాయి నన్ను చూచియే పరుగు నేర్చెను. కళాశాలలో చేరి, హాస్టలులో నుండి, పది కిలోమీటర్ల పందెములలో పాల్గొనసాగెను. 2022 దసరాకు ఇంటికి వచ్చినపుడు చిక్కి సన్నబడియుండెను. "ఇప్పుడు చూడముచ్చటగా ఉన్నావే!" అని మెటికలు విరిచితిని. పెండ్లిచూపుల మాట కూడ నా మనస్సులో మెదలినదని ఒప్పుకొందును. అది రాత్రులు అన్నము మాని పండ్ల ముక్కలు తినుచుండెను. పరుగెత్తువారి నియమము కాబోలుననుకొంటిని.

దీపావళి దాటిన పది దినములకు ఫోను వచ్చినది. అమ్మాయి నడువలేకున్నది. వెళ్లి తీసికొనివచ్చి, క్రీడాకారులకు వైద్యము చేయు డాక్టరుగారికి చూపితిమి. ఎమ్మారై తీయగా, పిక్క ముందరి యెముక సన్నగా చిట్లియున్నది. క్రిందపడలేదు, దెబ్బ తగులలేదు. పందొమ్మిదేండ్ల పిల్లకు ఎముక తానే చిట్లుటయేమి! డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న కాలిని గూర్చి కాదు. "నెలసరి సరిగా వస్తోందా అమ్మా?" అనిరి. అది తల వంచుకొని, "ఐదు నెలలైంది, రాలేదు" అనెను. నాకు నేల కదలినట్లైనది. ఐదు నెలలలో అది మూడుసార్లు ఇంటికి వచ్చినది. వారమున కిరుమారులు ఫోనులో మాటలాడినది.

ఇంటికి రాగానే నా నోటినుండి వెలువడిన మాటలేమనుకొన్నారు? "ఇంక ఈ పరుగులు చాలు. నోరు మూసుకొని చదువుకో." అక్షరమక్షరము మా నాయనమ్మ పలికినట్లే పలికితిని. అది కొంతసేపు ఊరకుండి, "ఎందుకు చెప్పలేదని అడిగావు కదా అమ్మా. నువ్వు చెప్పావా? నా చిన్నప్పుడు దగ్గొచ్చినప్పుడల్లా తలుపు పట్టుకొని నిలబడేదానివి. ఎవరికైనా చెప్పావా?" అనెను. దాని కంట బడదని నేను తలచితిని. ఆడుది నొప్పిని దాచవలెనను విద్యను అది మరెక్కడను నేర్వలేదు. నా వద్దనే నేర్చినది.

మరునాడు డాక్టరుగారి వద్దకు నేనొక్కతెనే పోయి, పరుగు మాన్పింపవలెనా యని యడిగితిని. ఆయన ఓపికతో చెప్పిన దానిని నా మాటలలో వ్రాయుచున్నాను. శరీరము ఒక సంసారము వంటిది. రాబడికన్న ఖర్చు మించినపుడు ఇల్లాలు ఏ ఖర్చులను ముందుగా తగ్గించును? నేడు కాకున్నను గడచుననుకొన్న వాటిని. అట్లే తిండి చాలక పరుగు మిక్కిలి యైనపుడు శరీరము మొదట నెలసరిని ఆపివేయును. అది ఆగినపుడు ఈస్ట్రోజను తగ్గును. అది తగ్గినచో ఎముకలు బలహీనమగును. నెలసరి రానందుకు పరుగెత్తు పిల్లలు కొందరు పీడ వదలినదని సంతోషింతురట. అది వదలిన పీడ కాదు, మ్రోగిన గంట. ఈ వ్యాధికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు పేరు పెట్టి, క్రీడలలో శక్తి చాలమివలన కలుగు లోపముగా వర్ణించిరి. ఇట్లని చెప్పి డాక్టరుగారు, "పరుగు మాన్పించకండి. అన్నం పెట్టండి" అనిరి.

ఎనిమిది వారములు అమ్మాయి పరుగెత్తలేదు. ఉదయము చోడి యంబలి, కోడిగ్రుడ్లు. మధ్యాహ్నము పప్పన్నము, పెరుగు. సాయంకాలము వేరుసెనగలు, బెల్లము. రాత్రి మరల అన్నము. పెట్టుటకన్న దాని ప్రక్కన కూర్చుండి నేనును అంతే తినుట కష్టమైనది. అడుగంటినది నేను తినుచు, నీవు కడుపునిండ తినుమని చెప్పినచో ఏ కూతురు నమ్మును? మా వారికి కూడ కొన్ని సంగతులు విప్పి చెప్పితిని. ఇన్ని యేండ్ల కాపురమున నెలసరిని గూర్చి ఆయనతో కూర్చుండి మాటలాడినది అదియే మొదలు. ఆయన చాలసేపు మాటలాడక, మరునాటినుండి ఉదయపు ఉపాహారము తన వంతన్నారు. మొదటి నెల ఉప్మాలో ఉండలు కట్టినవి. ఎవ్వరును పేరు పెట్టలేదు. నాలుగవ నెలలో అమ్మాయికి నెలసరి వచ్చినది. మరుసటి సంవత్సరము అది మరల పందెమున పరుగెత్తెను. మునుపటికన్న ఐదు కిలోల బరువు పెరిగియుండెను. మునుపటికన్న వేగముగానే చేరెను.

ఆ సంవత్సరములలోనే నాకును ముట్లుడుగు కాలము వచ్చెను. అర్ధరాత్రి ఒడలంతయు మంటలెత్తి మెలకువ వచ్చును. చెమటతో జాకెట్టు తడిసిపోవును. పగలు చిన్నమాటకే కోపము. పరుగున వేగము తగ్గినది. వయస్సు మీరినది, మానివేయుదునా యనుకొనుచుండగా మా అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటియెముక విరిగెను. డెబ్బదిమూడేండ్ల మనిషి, పడినది చిన్న పాటే. ముట్లుడిగిన తరువాతి కొలదియేండ్లలో స్త్రీల యెముకలు త్వరగా పలుచబడునని అప్పుడు డాక్టర్లు చెప్పిరి. అమ్మ జీవితమంతయు అందరికన్న కడపట తినిన మనిషి. గ్లాసెడు పాలు ఆమె తనకొరకు పోసికొనగా నేనెన్నడును చూడలేదు.

నేను పరుగు మానలేదు, తీరు మార్చితిని. వారమునకు నాలుగు దినములకు బదులు మూడు దినములు పరుగెత్తి, రెండు దినములు బరువులెత్తుట మొదలుపెట్టితిని. మొదట నీళ్లసీసాలు, తరువాత ఇనుప డంబెల్సు. ఎముకకును, కండకును బరువే మేత. నిద్ర చాలని దినమున పరుగెత్తక పడుకొనుట నేర్చుకొంటిని. ఇది అన్నిటికన్న కష్టమైన పాఠము. వేగము మరల రాలేదు, దానిని గూర్చి విచారము లేదు. కొన్ని దూరములకు వయస్సు అడ్డు కాదని చూపినవారున్నారు. హైదరాబాదునకు చెందిన గోలి శ్యామలగారు నలుబది దాటిన తరువాత ఈత నేర్చి, 2021 మార్చిలో శ్రీలంకనుండి ధనుష్కోటికి పాక్ జలసంధిని సుమారు పదునాలుగు గంటలలో ఈదిరి. అమెరికా దేశపు సన్యాసిని మడోనా బ్యూడర్ ఈత, సైకిలు, పరుగు మూడును కూడిన ఐరన్‌మ్యాన్ పందెమును 2012లో తన ఎనుబదిరెండవ యేట పూర్తిచేసెను.

2024 ఆగస్టు 11వ తేదీన పారిస్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీల మారథానును మొదటిసారిగా కడపటి దినమున ఉంచిరి. దారిని వెర్సాయి మీదుగా త్రిప్పిరి. 1789లో రొట్టె దొరకక పారిస్ స్త్రీలు రాజునొద్దకు నడచిపోయిన దారికి అది జ్ఞాపకార్థమట. మేము ముగ్గురమును టెలివిజను ముందు కూర్చుండి చూచితిమి. సిఫాన్ హసన్ చివరి మలుపులో ముందుకు దూసికొనిపోవుచుండగా అమ్మాయి మంచమెక్కి అరచెను. అమ్మ మాత్రము, "ఆ పిల్లలు పొద్దున్నే ఏమైనా తిని వచ్చారా?" అని అడిగెను. మేమిద్దరము ఒకరి ముఖము నొకరము చూచుకొంటిమి. అడుగవలసిన ప్రశ్న అదియే.

సోదరీమణులారా, నా యనుభవమునుండి నాలుగు మాటలు చెప్పి ముగింతును. పరుగెత్తు ఆడపిల్ల యింటనున్నచో దాని బరువును మెచ్చుకొనకుడు. నెలసరి క్రమముగా వచ్చుచున్నదా యని అడుగుడు. మూడు నెలలు రానిచో వైద్యునకు చూపుడు. బాలింతలు త్వరపడవలదు, కాన్పైన మూడు నెలలకు ముందుగా పరుగు తగదని 2019లో బ్రిటను దేశపు ఫిజియోథెరపీ నిపుణులు సూచించిరి. మూత్రము జారుట, కడుపు క్రింద బరువు దిగినట్లుండుట ఉన్నచో ఆ తరువాత కూడ ముందు చికిత్స చేయించుకొనుడు. నడివయస్సువారు ఏటికొకమారు రక్తము పరీక్ష చేయించుకొనుడు. ముట్లుడిగి యేడాది దాటిన పిమ్మట ఎర్రచుక్క కనబడినచో ఒక్క దినమైనను ఆలసింపవలదు.

దారిపై నేర్చిన ఓర్పు ఏమనగా, ఎంత దూరము పోవలెనో తెలిసికొని, దానికి తగినంత ముందుగా తినుట. దప్పిక కాకమునుపే నీరు త్రాగుట. నొప్పి పుట్టినపుడు ఎక్కడనో, ఎట్టిదో చెప్పుట. ఆగవలసిన దినమున ఆగుట. ఇంటిలో మనకు నేర్పిన యోర్పు ఇందుకు సరిగా తలక్రిందులు. రెండవదానితో పది యేండ్లు నెగ్గుకొని రావచ్చును. మొదటిదానితో గాని ఎనుబదియేండ్లు నడువలేము.

అమ్మ ఇప్పుడు మా యింటనే యున్నది. చేతికఱ్ఱతో వాకిలిలో దినమునకు నూరడుగులు నడచును, అమ్మాయి లెక్కించును. అన్నము వేళకు ముగ్గురము కలిసి కూర్చుందుము. మొదటి దినము అమ్మ విస్తరి ముందు కూర్చుండక, "అల్లుడుగారు ఇంకా తినలేదే!" అని నిలుచుండిపోయెను. మా వారు గరిటె పట్టుకొని వచ్చి, "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, వడ్డించేది నేనే" అనిరి. అమ్మ కూర్చుండెను. కాని ముద్ద నోట పెట్టుకొనుటకు ముందు గిన్నెలో ఎంత మిగిలినదో యని నేటికిని ఒకమారు తొంగిచూచును.